ఏడుంబావు బస్సు

పిల్లల్ని పొద్దున్నే బడికి పంపడం గురించి మనకు సలహాలకు కొదవ లేదు. ఇంట్లో బామ్మ మొదలుకొని పిల్లల డాక్టరు దాకా, పేరెంట్స్ మీటింగులో ప్రిన్సిపాల్ మొదలుకొని యూట్యూబ్ దాకా చెప్పేవాళ్లే అందరూ. ఇంకో అరగంట ముందు లేపండి, ఫోను చేతికివ్వకండి, టైంటేబులు గోడకు అంటించండి, అరవకండి. ఇవన్నీ ఒకచోట పోగేస్తే రెండు సంగతులు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. దాదాపు అన్నీ అమ్మకు చెప్పినవే. దాదాపు అన్నీ పొద్దున ఆరింటికీ ఎనిమిదింటికీ మధ్య చెయ్యాల్సినవే. నిద్ర మీదా, ఇంటి అలవాట్ల మీదా జరిగిన పరిశోధనలనూ, బడి వేళల మీద ప్రభుత్వాలు చేసిన ప్రయోగాలనూ, మన ఇళ్లల్లో నిజంగా జరిగేదాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే లెక్క వేరేగా తేలుతుంది. ఆ రెండు గంటల్లో మన చేతిలో ఉండేది కొంచెమే. మిగతాది ముందురోజు రాత్రి తొమ్మిదింటికి కొంతా, బడివాళ్లు బస్సు రూట్లు గీసుకునే వేసవి సెలవుల్లో కొంతా ముందే తేలిపోయి ఉంటుంది.

ముందు నిద్ర సంగతి. 2016లో అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ వయసులవారీగా ఒక లెక్క ప్రకటించింది. 3 నుంచి 5 ఏళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటలు, 6 నుంచి 12 ఏళ్లవాళ్లకు 9 నుంచి 12 గంటలు, 13 నుంచి 18 ఏళ్లవాళ్లకు 8 నుంచి 10 గంటలు నిద్ర కావాలి. ఈ అంకెల్ని మన ఇంటి గడియారంతో సరిచూడండి. మూడో తరగతి పిల్లకు ఏడుంబావుకు వీధి చివర బస్సు. ఆరింటికి లేవాలి. అన్నిటికంటే తక్కువ లెక్క, తొమ్మిది గంటలే వేసుకున్నా, రాత్రి తొమ్మిదికల్లా నిద్రలో ఉండాలి. మంచం ఎక్కడం కాదు, నిద్రలో ఉండాలి. తొమ్మిదికి మన ఇళ్లల్లో ఏం జరుగుతుంటుంది? నాన్న అప్పుడే ఆఫీసు నుంచో దుకాణం నుంచో వచ్చి ఉంటాడు. పిల్ల ట్యూషన్ నుంచి ఏడున్నరకు వచ్చింది, హోంవర్కు ఇంకా సోషల్ దగ్గరే ఆగింది. హాల్లో సీరియల్ నడుస్తోంది, పొయ్యి మీద చారు కాగుతోంది. రోజంతా కనపడని నాన్నతో ఆడుకునే వేళ అదొక్కటే కాబట్టి పిల్లను పడుకోమని తరమడానికి ఎవరికీ మనసొప్పదు. అదీ న్యాయమే. చూస్తుండగానే పదిన్నర అవుతుంది. మర్నాడు ఆరింటికి దుప్పటి లాగేసరికి ఆ పిల్ల నిద్రపోయింది ఏడున్నర గంటలే. దాన్ని మనం మొండితనం అంటాం, బద్ధకం అంటాం.

కంటినిండా నిద్రపోయినవాళ్లకైనా లేచాక పావుగంట, అరగంట మత్తు ఉండనే ఉంటుంది. నిద్ర చాలనివాళ్లకు అది ఇంకా ఎక్కువ. సరిగ్గా ఆ అరగంటలోనే మనం వరసపెట్టి పది పనులు పురమాయిస్తాం. బ్రష్ చెయ్యి, పాలు తాగు, బెల్టేది, డైరీ పెట్టుకున్నావా? పిల్ల బ్రష్ నోట్లో పెట్టుకుని బాత్రూం తలుపు దగ్గర గోడ కేసి చూస్తూ నిలబడి ఉంటుంది. వినపడక కాదు.

తెల్లవారుజామున లేవడం మన సంప్రదాయమే కదా అనేవాళ్లున్నారు. నిజమే. అయితే కరెంటు లేని రోజుల్లో దీపాలు పెట్టే వేళకు వంట అయిపోయేది, కాసేపటికి భోజనాలు, ఆ వెంటనే నిద్ర. ఆ ఏర్పాటులో మనకు సగమే మిగిలింది. లేవడం తాతలనాటిది, పడుకోవడం మనకాలానిది.

ఇందులో సూర్యుడికీ వాటా ఉంది. దేశమంతటికీ గడియారం ఒకటే. దానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మన కాకినాడ దగ్గర్లోంచి పోతుంది. అక్కడ గడియారమూ సూర్యుడూ దాదాపు కలిసి నడుస్తాయి. హైదరాబాద్‌కు వచ్చేసరికి సూర్యుడు పావుగంట వెనకబడతాడు, గుజరాత్ పడమటి కొసకు వెళితే ఇంచుమించు గంట. సూర్యాస్తమయం గంట ఆలస్యమయ్యే చోట పిల్లలు సుమారు అరగంట తక్కువ నిద్రపోతున్నారనీ, వాళ్లు బడిలో గడిపే ఏళ్లు కూడా తగ్గుతున్నాయనీ ఆర్థికశాస్త్రవేత్త మౌలిక్ జగ్నానీ మన దేశపు లెక్కలతోనే చూపించారు. చీకటి ఆలస్యంగా పడితే పిల్లలు ఆలస్యంగా పడుకుంటారు, బడి గంట మాత్రం ఆగదు. జనవరిలో హైదరాబాద్‌లో పొద్దు పొడిచేది ఆరూ ముప్పావుకు. శివారు కాలనీల్లో మొదటి స్టాపు పిల్లలు వీధి దీపాల వెలుగులోనే బస్సెక్కుతారు.

యుక్తవయసుకు వచ్చిన పిల్లల కథ వేరు. ఆ వయసులో నిద్ర తెప్పించే మెలటోనిన్ రాత్రిపూట ఆలస్యంగా విడుదలవుతుందనీ, ఒంట్లోని గడియారమే వెనక్కి జరుగుతుందనీ బ్రౌన్ విశ్వవిద్యాలయానికి చెందిన మేరీ కార్స్‌కాడన్ దశాబ్దాలపాటు చేసిన పరిశోధన చెబుతోంది. తొమ్మిదో తరగతి కుర్రాడికి పదకొండైతే గానీ నిద్ర రావట్లేదంటే అదంతా ఫోను పుణ్యం కాదు, ఫోను దానికి ఆజ్యం పోస్తుందంతే. అందుకే అమెరికాలో పిల్లల వైద్యుల అకాడమీ 2014లోనే ఈ వయసు పిల్లల బడులు ఎనిమిదిన్నరకు ముందు మొదలుపెట్టొద్దని చెప్పింది. 2016లో సియాటిల్ నగరం హైస్కూళ్ల వేళను 7.50 నుంచి 8.45కు మార్చింది. బడి ఆలస్యమైతే వీళ్లు ఇంకా ఆలస్యంగా పడుకుంటారులే అన్న అనుమానం అక్కడా చాలామందికి ఉండేది. రెండేళ్ల తరవాత వెలువడిన అధ్యయనంలో పిల్లల నిద్ర రోజుకు 34 నిమిషాలు పెరిగినట్టు తేలింది.

మన దగ్గర పదో తరగతి అనగానే బండి సరిగ్గా ఎదురు దిక్కుకు తిరుగుతుంది. పొద్దున స్పెషల్ క్లాసులు, హాస్టళ్లలో అయిదింటికే స్టడీ అవర్. ముఖాన నీళ్లు కొట్టుకొచ్చి పుస్తకం ముందు తూగే పిల్లల్ని చూడని వార్డెన్ ఉండడు. చదువు గంటలు పెరిగినట్టు రిజిస్టరులో కనపడుతుంది. ఆ గంటలో బుర్రకెక్కింది ఎంతో రాసే గడి మాత్రం ఆ రిజిస్టరులో లేదు.

ఇక ఇంటి అలవాట్లు. కుటుంబ దినచర్యల మీద అంతకు ముందు 50 ఏళ్లలో వచ్చిన 32 పరిశోధనలను బార్బరా ఫీసే బృందం 2002లో ఒకచోట చేర్చి సమీక్షించింది. దినచర్య ఉన్న ఇళ్లల్లో పిల్లల ఆరోగ్యమూ చదువూ మెరుగ్గా కనిపించాయి, పిల్లల్ని పెంచగలమన్న ధీమా తల్లిదండ్రుల్లో ఎక్కువగా ఉంది. కానీ ఇక్కడో మెలిక ఉంది. దినచర్య వల్ల ఇల్లు కుదురుగా ఉందా, కుదురుగా ఉన్న ఇంట్లోనే దినచర్య కుదిరిందా? ఇలాంటి అధ్యయనాలు ఆ చిక్కు విప్పలేవు. నెలలో సగం రోజులు నైట్ డ్యూటీ చేసే నర్సు ఇంట్లో గోడ మీద టైంటేబులు లేకపోవడం ఆమె అశ్రద్ధ కాదు. మార్పు తెచ్చి ఫలితం చూసినవాటిలో జోడీ మిండెల్ బృందం 2009లో ప్రచురించిన అధ్యయనం పేరున్నది. పాల్గొన్న 405 మంది తల్లుల్లో ఒక బృందంవాళ్లు తమ పసిపిల్లలకు రాత్రిపూట ఒకే వరసలో స్నానం, ఒళ్లు మర్దన, జోకొట్టడం, ఆపైన దీపం ఆర్పడం పాటించారు. మూడు వారాల ఆ అధ్యయనం ముగిసేసరికి ఆ పిల్లలు త్వరగా నిద్రపోవడం, మధ్యలో లేవడం తగ్గడం, తల్లుల చికాకు తగ్గడం కనిపించాయి. పిల్లల సబ్బులూ లోషన్లూ అమ్మే కంపెనీ డబ్బుతో జరిగిన అధ్యయనమిది, ఆ సంగతి మరిచిపోకూడదు. నీళ్లు పోసి, నూనె రాసి, జోలపాడి పడుకోబెట్టడం మన పెద్దవాళ్లకు కొత్తేమీ కాదు కాబట్టి లోషన్ ఏ కంపెనీదన్నది మనకు పెద్ద పట్టింపూ కాదు.

వీటన్నిటిలో గట్టిగా నిలబడేది ఒక సంగతి: చిన్నపిల్లల్ని నడిపించేది గడియారం కాదు, వరస. జీన్ పియాజే 1946లో ప్రచురించిన పుస్తకంలో కాలం గురించిన ఊహ పిల్లల్లో ఎంత నెమ్మదిగా కుదురుకుంటుందో వివరించాడు. రెండు బొమ్మలు ఒకేసారి బయల్దేరి ఒకేసారి ఆగినా, ఎక్కువ దూరం పోయిన బొమ్మే ఎక్కువసేపు నడిచిందంటారు వాళ్లు. అలాంటి పిల్లాడితో 'పది నిమిషాల్లో బస్సొచ్చేస్తుంది' అంటే వాడికి అందేదేమిటి? 'తొందరగా కానీ' అనే మాట అంతకన్నా దండగ, అందులో వాడు చెయ్యాల్సిన పనేదీ లేదు. పళ్లు తోమగానే స్నానం, స్నానం అవగానే యూనిఫాం, ఇది వాడికి తెలుస్తుంది. ఆటిజం ఉన్న పిల్లల చదువులో బొమ్మల కార్డులు వరసగా పెట్టి రోజును చూపించే పద్ధతి ఎప్పట్నుంచో ఉంది. అది మామూలు పిల్లలకూ బాగా పనికొస్తుంది, అక్షరాలు రానివాళ్లకు మరీను.

మా పై వాటాలో ఒకటో తరగతి పిల్లాడున్నాడు. కిందికి వినపడే సంభాషణ కొన్నాళ్లు ఇలా ఉండేది.

"చిన్నా, సాక్సులేసుకున్నావా?"

"ఒకటేసుకున్నా మమ్మీ."

"రెండోదేదిరా?"

"కనపళ్లా. అందుకే దీన్ని కూడా విప్పేశా."

ఇప్పుడు వాళ్ల గుమ్మం పక్కన ఒక ప్లాస్టిక్ ట్రే ఉంటుంది. రాత్రి పడుకోబోయే ముందు సాక్సులు, బెల్టు, టై, ఐడీ కార్డు అందులో వేసేది వాడే. పొద్దున ట్రే ఖాళీ అయిందంటే వాడు తయారైనట్టు. తల్లి అడిగే ప్రశ్నలు తగ్గాయి, ఇంట్లో చప్పుడూ తగ్గింది. రంగురంగుల చార్టులు, వాటి మీద అంటించే స్టార్లు కూడా కొంతమంది పిల్లలతో పని చేయిస్తాయి గానీ, రెండు మూడు వారాలయ్యాక చార్టు గోడకు అలంకారంగా మిగిలిపోవడమే ఎక్కువ. ట్రేకి ఆ బాధ లేదు, దానికి రోజూ పని ఉంటుంది.

టైము లెక్క వేసేటప్పుడు వెనక నుంచి ముందుకు రావాలని అన్ని సలహాల్లోనూ ఉంటుంది. బస్సు ఏడుంబావుకు. స్టాపుకు నడక అయిదు నిమిషాలు, బూట్లకు అయిదు, టిఫినుకు ఇరవై, స్నానం బట్టలు ఇరవై, జడలకు పది, మొహం కడుక్కోవడానికి పది. అంటే ఆరూ అయిదుకు లేస్తే చాలునన్నమాట. కాగితం మీద ముచ్చటగా ఉంది. ఇందులో లేనిది దొడ్డికి వెళ్లే పని. ఏ పుస్తకంలోనూ దాని గురించి సరిగా రాయరు గానీ, బడిపొద్దుల్ని పాడుచేసే వాటిలో దానిది ముందు వరస. పరుగుల మీద లేచిన పిల్లలకు ఆ వేళకు రాదు, వచ్చినా కూచునే తీరిక ఉండదు. బడిలో బాత్రూం కంపని పోరు, సాయంత్రం దాకా బిగబట్టుకుంటారు. కొన్నాళ్లకు మలబద్ధకం, కడుపునొప్పి, ఆపైన 'బడి ఎగ్గొట్టడానికి వేషాలు' అన్న బిరుదు. టిఫిను తిన్నాక పేగుల్లో కదలిక రావడం సహజం కాబట్టి చాలామంది పిల్లలకు తిన్న తరవాతి పది నిమిషాలే ఇందుకు అనువైన వేళ. మన టైంటేబుళ్లలో టిఫిను ఎప్పుడూ చిట్టచివర ఉంటుంది, చేతిలో దోసె ముక్కతోనే పిల్ల లిఫ్టు ఎక్కుతుంది. టిఫిన్ని ముందుకు జరపడం ఒక్క పైసా ఖర్చు లేని మార్పు, దానికోసం పిల్లను ఇంకో పావుగంట ముందు పడుకోబెట్టాల్సి వచ్చినా సరే.

దాని వెంటే వచ్చేది బాత్రూంల సంఖ్య. రెండు గదుల ఇంట్లో ఆరుగురికి ఒక బాత్రూం ఉంటే ఎవరెంత ముందు లేచినా వరస వరసే. చలికాలంలో నీళ్లు కాగాలి. కొళాయో నల్లానో రోజు మార్చి రోజు అయిదింటికి వచ్చే వీధుల్లో అమ్మ పొద్దు డ్రమ్ములతో మొదలవుతుంది. పెద్దవాళ్లు ఎవరు రాత్రి స్నానానికి మారగలరో ముందే మాట్లాడుకున్న ఇళ్లల్లో సగం గొడవ తగ్గుతుంది. పిల్లల క్రమశిక్షణ అనుకునేదాంట్లో చాలా భాగం ఇలాంటి నీళ్ల లెక్కే.

మిగతా పనుల్లో ఎన్ని రాత్రికి మళ్లించగలమో అన్నీ మళ్లించాలి. టైంటేబులు చూసి సంచి సర్దడం, డైరీలో సంతకం, ఇస్త్రీ, శనివారమైతే తెల్ల డ్రెస్సు తెల్ల బూట్లు, కూర తరుక్కోవడం, పిండి బయట పెట్టుకోవడం. పొద్దున్న మిగలాల్సింది ఒళ్లు కడుక్కోవడం, తినడం, తొడుక్కోవడం, అంతే. అయితే రాత్రి సర్దుకోవడాన్ని కూడా బడే చెడగొడుతుంది. తొమ్మిదిన్నరకు క్లాసు వాట్సాప్ గ్రూపులో మెసేజి వస్తుంది: రేపు గ్రీన్ డే, పిల్లలు ఆకుపచ్చ దుస్తుల్లో రావాలి, రెండు రకాల ఆకులు తేవాలి. ఫ్యాన్సీ షాపు మూసేసే వేళకు చార్టు పేపరు గుర్తొస్తుంది. ఇంటిని ప్లాన్ చేసుకోమని మీటింగుల్లో చెప్పే బడి, మర్నాటి సంగతి సాయంత్రం అయిదు లోపు చెప్పాలన్న ఒక్క నియమం తనకు తాను పెట్టుకుంటే ఎన్నో ఇళ్ల పొద్దులు బాగుపడతాయి. సంచి బరువూ అంతే. తెలంగాణ 2017లోనే తరగతులవారీ పరిమితి పెట్టింది, ఒకటి రెండు తరగతులకు కిలోన్నర, పదో తరగతికి అయిదు కిలోలు. 2020 నాటి జాతీయ బడిసంచి విధానం పిల్లల బరువులో పదో వంతు దాటొద్దంది. టైంటేబులు రోజుకోలా మార్చే బడిలో పిల్లలు దేన్నీ ఇంట్లో వదలకుండా అన్నీ మోస్తారు. పొద్దున సర్దుకోవడానికి తీరిక లేకపోవడమూ సంచి బరువుకు ఒక కారణమే.

అసలు ప్రశ్న ఈ పనులు ఎవరివి అన్నది. జాతీయ గణాంక కార్యాలయం 2024లో చేసిన సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు దానిమీద రోజుకు 289 నిమిషాలు వెచ్చిస్తుంటే, అలాంటి పనిలో చెయ్యి పెట్టే మగవాళ్లు వెచ్చించేది 88 నిమిషాలు. అదీ చెయ్యి పెట్టేవాళ్ల లెక్క. ఆడవాళ్లలో 81.5 శాతం ఆ పని చేస్తుంటే మగవాళ్లలో 27.1 శాతమే చేస్తున్నారు. 2019 సర్వేలో ఈ నిమిషాలు 299, 97. ఇద్దరికీ కాస్త తగ్గాయి, మధ్య దూరం అలాగే ఉంది. ప్రశాంతమైన పొద్దు కోసం అమ్మ అరగంట ముందు లేవాలన్న సలహా ఈ అంకెల పక్కన పెడితే ఎలా వినపడుతుందో వేరే చెప్పాలా? పిల్లల నిద్ర గురించి ఇంత మాట్లాడుకుని, నాలుగున్నరకు లేచి పదకొండుకు పడుకునే మనిషి నిద్ర ఊసెత్తకపోవడం అన్యాయం.

నాన్నలు సాయం చెయ్యకపోలేదు. కానీ 'ఏం చెయ్యమంటావో చెప్పు' అంటూ వంటింటి గుమ్మంలో నిలబడే సాయం వల్ల చెప్పే పని ఒకటి అదనంగా చేరుతుంది. ఒక పని మొదట్నుంచి చివరిదాకా ఒకరిదే అయిన ఇళ్లల్లో తేడా తెలుస్తుంది. సంచి, బూట్లు, బస్సు నాన్నవి అనుకుంటే గ్రూపులో మెసేజి చదవడం, చార్టు పేపరు కొనడం కూడా ఆయనవే. జడల మాటా అంతే. రెండు జడలు, మడిచి రిబ్బన్లు, రిబ్బను రంగు హౌసును బట్టి. చిక్కు తీసి, పాపిట చీల్చి, రెండువైపులా సమానంగా బిగించేసరికి పది నిమిషాలు, ఇద్దరు కూతుళ్లుంటే ఇరవై. జడ వెయ్యడం నేర్చుకున్న నాన్నలు ఇప్పుడు అక్కడక్కడా కనిపిస్తున్నారు. రెండు జడలే వెయ్యాలన్న నియమాన్ని సడలించడం మాత్రం బడి చేతిలో ఉంది. ఒక్క జడతో వచ్చే పిల్లకు లెక్కలు రాకపోవు. ఆడపిల్ల విషయంలో ఇంకొకటీ చూడాలి. తమ్ముడికి లేసు కట్టి పంపే ఇంట్లోనే ఎనిమిదేళ్ల అక్క నీళ్ల సీసాలు నింపుతుంటుంది. బాధ్యత నేర్పడమే అయితే అది ఇద్దరికీ నేర్పాలి.

ఇంతవరకూ చెప్పుకున్నది పొద్దున్న పెద్దవాళ్లు ఇంట్లో ఉండే పిల్లల సంగతి. మిరపకోతల కాలంలో పల్నాడులోనో ఖమ్మం వైపో ఊళ్లకు వెళ్లి చూస్తే కథ మారిపోతుంది. కూలీల ఆటో తెల్లవారగానే కదులుతుంది. అప్పటికే అమ్మ అన్నం వండి, క్యారేజీ కట్టుకుని, పడుకున్న పిల్లాడి తలగడ పక్కన చొక్కా మడిచిపెట్టి వెళ్లిపోయి ఉంటుంది. పిల్లలు తమంతట తామే లేస్తారు, పెద్దది చిన్నదానికి తల దువ్వుతుంది, చద్దన్నం ఉంటే ఉంటుంది, లేదంటే మధ్యాహ్న భోజనమే ఆ రోజుకు మొదటి తిండి. ఇక్కడ పొద్దు ప్రశాంతంగానే ఉంటుంది, అరిచేవాళ్లు లేరు గనక. ఈ ఇళ్లకు చార్టులూ ట్రేలూ చెప్పడం ఎగతాళి. వీళ్ల పొద్దు నుంచి ఒక పనిని మొత్తంగా తీసెయ్యగలిగేది ప్రభుత్వమే.

తమిళనాడు అదే చేసింది. 2022 సెప్టెంబరులో ప్రాథమిక పాఠశాలల్లో ఉదయం టిఫిను పథకం మొదలుపెట్టి, 2023 ఆగస్టులో రాష్ట్రంలోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలన్నిటికీ విస్తరించింది. తెలంగాణలో 2023 అక్టోబరు 6న ముఖ్యమంత్రి అల్పాహార పథకం మొదలైంది గానీ, ప్రభుత్వం మారాక ముందుకు సాగలేదు. ఆంధ్రప్రదేశ్ 2023 మార్చిలో వారానికి మూడు రోజులు రాగి జావ చేర్చింది. 2020 జాతీయ విద్యావిధానం కూడా పొద్దున్న పోషకాహారం పెట్టాలనే అంది. బడిలో పొద్దున తిండి పెడితే ఏమవుతుందన్నదానికి పాత రుజువులున్నాయి. జమైకా గ్రామీణ ప్రాథమిక బడుల్లో చేసి 1998లో ప్రచురించిన ప్రయోగంలో హాజరు పెరిగింది, చిన్న తరగతుల పిల్లలు లెక్కల్లో మెరుగయ్యారు. ఆంధ్రప్రదేశ్ 2020 అక్టోబరు నుంచి ఇస్తూ వచ్చిన యూనిఫాం, బూట్లు, సాక్సులు, బెల్టు, సంచి కిట్లను రాజకీయంగా ఎలా చూసినా, బడిపొద్దు కోణంలోంచి చూస్తే వాటి విలువ వేరు. మూడు జతలుంటే రాత్రి ఉతికిన చొక్కా పొద్దున్నకు ఆరలేదన్న బెంగ ఉండదు. నా మటుకు నాకు, ఈ మొత్తం ప్రశ్నలో డబ్బు పెడితే ఫలితం నేరుగా కనిపించే చోటు పొద్దుటి టిఫినే.

విదేశాల్లో మనవాళ్లకూ ఈ పరుగు తప్పలేదు. అమ్మా నాన్నా ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే అమెరికా తెలుగు ఇళ్లల్లో, ఆరునెలల విజిట్‌కు వచ్చిన అమ్మమ్మే చాలాసార్లు పొద్దుటి వ్యవస్థ. ఆవిడ తిరుగు విమానం ఎక్కిన మర్నాడు తెలుస్తుంది అక్కడ ఎన్ని పనులు కనపడకుండా జరిగేవో. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లకు చట్టం కొంత ఊరటనిచ్చింది. 2019లో చేసిన చట్టం ప్రకారం 2022 జులై నుంచి అక్కడ హైస్కూళ్లు ఎనిమిదిన్నరకు ముందు, మిడిల్ స్కూళ్లు ఎనిమిదికి ముందు మొదలవకూడదు.

మన దేశంలో ఈ దారిలో స్పష్టంగా అడుగేసింది మహారాష్ట్ర. పిల్లలు అర్ధరాత్రి దాకా మేలుకుని పొద్దున్నే బడికి రావాల్సి వస్తోందని అప్పటి గవర్నరు రమేశ్ బైస్ 2023 డిసెంబరులో అన్నారు. నాలుగో తరగతి వరకూ బడులు తొమ్మిదికి ముందు తెరవొద్దని 2024 ఫిబ్రవరిలో ప్రభుత్వం ఆదేశించింది. తెలంగాణ అదే ఏడాది జులైలో ప్రభుత్వ ఉన్నత పాఠశాలల వేళను తొమ్మిదిన్నర నుంచి తొమ్మిదికి జరిపింది. సియాటిల్ అనుభవం చూస్తే పెద్దపిల్లల వేళను ముందుకు జరపడం తిరకాసు వ్యవహారమే, అయినా తొమ్మిది ఫరవాలేదు. ఒంటిపూట బడులు వచ్చే మార్చి నడుమ నుంచి లెక్క మళ్లీ మారుతుంది. తెలంగాణలో ఎనిమిదికి, ఆంధ్రప్రదేశ్‌లో పావు తక్కువ ఎనిమిదికి గంట కొడతారు. ఎండలకు అది తప్పదు. ఉక్కపోతకు అర్ధరాత్రి దాకా నిద్ర పట్టని రోజుల్లోనే పొద్దు ముందుకు రావడం మాత్రం పిల్లల ఒంటికి రెండుపక్కలా దెబ్బ. ఆ నెలన్నరలో మధ్యాహ్నం నిద్ర పోనిస్తే కొంత పూడుతుంది, వేసవి కోచింగులు అడ్డం రాకపోతే.

ప్రైవేటు బడుల్లో ఏడున్నరకూ ఎనిమిదికీ గంట కొట్టడానికి కారణం చదువే అనుకుంటాం. చాలాచోట్ల కారణం బస్సు. ఉన్న బస్సులతో రెండు ట్రిప్పులు వెయ్యాలంటే మొదటి ట్రిప్పు పొద్దున్నే పడాలి, ఆఫీసు ట్రాఫిక్కు కంటే ముందే ఊరు దాటాలి. ఇది మన ఒక్కరి తలనొప్పి కాదు. 2017లో బోస్టన్ నగరం ఎంఐటీ పరిశోధకుల చేత కంప్యూటర్ పద్ధతితో బస్సు రూట్లనూ బడి వేళలనూ కలిపి లెక్క కట్టించింది. పెద్దపిల్లల బడులు వెనక్కి జరగాలంటే చాలా ప్రాథమిక బడులు ఏడుంబావుకు మొదలవ్వాలని తేలింది. తల్లిదండ్రులు రోడ్డెక్కారు, ఆ డిసెంబరులోనే ప్రతిపాదన వెనక్కి పోయింది. గణితం తప్పు కాదు, బస్సులు సరిపడా లేకపోతే ఏదో ఒక వయసు పిల్లల నిద్ర కొయ్యక తప్పదు. అక్కడ ఆ బేరం పేపర్లకెక్కి, నలుగురి నోళ్లల్లో నాని, తెగింది. మన దగ్గర అది ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌ఛార్జి టేబుల్ మీద మే నెలలో తెగిపోతుంది.

అడ్మిషన్ కౌంటర్ దగ్గర ఫీజు, ర్యాంకులు, ఏసీ గదులు, స్విమ్మింగ్ పూల్ గురించి అడగని తల్లిదండ్రులుండరు. మా వీధిలోకి వచ్చేది మొదటి ట్రిప్పా రెండోదా, మా స్టాపు రూటులో ముందుందా చివరుందా అని అడిగేవాళ్లు తక్కువ. ఒకే రూటులో మొదటి స్టాపుకూ చివరి స్టాపుకూ ముప్పావుగంట తేడా ఉండే బడులున్నాయి. ఆ ముప్పావుగంట ఏటా అదే పిల్లలకు పడుతుంది. పొద్దున రూటు తిరిగే దిక్కును టర్ముకోసారి మారిస్తే ఆ భారం పంచుకున్నట్టవుతుంది, డీజిలు ఖర్చూ పెద్దగా పెరగదు.